విమానాలు చూసే సరదా – దాచుకోవలసిన మాటలు



ఆకాశంలో విమానం చప్పుడు వినపడితే తింటున్న కంచం ముందు నుంచి లేచి డాబా మీదికి పరుగెత్తే పిల్లలు ఇంటికొకరైనా ఉంటారు. పిల్లలదాకా ఎందుకు, బట్టలు ఆరవేస్తున్న మనమే చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని అది కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడతాం. తరువాత మన పనిలో మనం పడిపోతాం. అయితే కొందరు అక్కడితో ఆగరు. అది ఏ రకం విమానం, ఏ దేశంలో తయారైంది, తోక మీద నంబరు ఎంత, ఏ దళానికి చెందింది అని కనిపెట్టి, తేదీ వేసి నోటు పుస్తకంలో రాసుకుంటారు. కొందరు ఫొటోలు తీసుకుంటారు. స్టాంపులు పోగుచేసేవాళ్ళకి ఒక కొత్త స్టాంపు దొరికితే ఎంత సంబరమో, వీళ్ళకి అంతవరకు చూడని నంబరు ఒకటి కనిపిస్తే అంత సంబరం. వీళ్ళని ఇంగ్లీషువాళ్ళు స్పాటర్లు అంటారు.

ప్రయాణీకుల విమానాలు చూసేవాళ్ళ సంగతి అలా ఉంచండి. యుద్ధ విమానాల మీద మోజు పడేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు ఉంది. స్టాంపులు ఎవరి రహస్యమూ కాదు. సైన్యం వారి విమానం ఎక్కడుంది, ఎప్పుడు లేచింది అన్నది ఒక్కొక్కప్పుడు రహస్యమే. మరి పిల్లవాడికి ఈ సరదా పట్టుకుంటే తల్లి సంతోషించాలా, భయపడాలా? ఈ రోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందుగా ఒక విశేషం చెబుతాను. ఇవాళ అనుమానంగా చూస్తున్న ఈ పనినే ఒకప్పుడు ప్రభుత్వం వారు బతిమాలి మరీ చేయించుకున్నారు. బ్రిటన్‌లో 1925 లోనే అబ్జర్వర్ కోర్ అని ఒక సంస్థ పెట్టారు. అందులో చేరినవాళ్ళలో ఎక్కువమంది పగలంతా తమ తమ ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకునే మామూలు మనుషులు. గుట్టల మీదా, పొలాల మధ్యా కట్టిన చిన్న చిన్న స్థావరాల్లో వంతులవారీగా కూర్చుని, వచ్చే విమానాలను కంటితో చూసి, చెవితో విని, టెలిఫోనులో కబురు పంపటం వాళ్ళ పని. 1940 లో జర్మనీ విమానాలు బ్రిటన్ మీద విరుచుకుపడినప్పుడు ఆ దేశానికి రాడార్ ఉన్నమాట నిజమే. కాని ఆ రాడార్ సముద్రం వైపే చూసేది. విమానం తీరం దాటి లోపలికి వచ్చిందంటే, ఎటు పోతోందో చెప్పవలసింది ఈ మనుషుల కళ్ళే. 1941 లో ఆ సంస్థకు రాజుగారు ‘రాయల్’ అనే బిరుదు ఇచ్చారు. అదే సంవత్సరం ఆడవాళ్ళను కూడా చేర్చుకోవటం మొదలుపెట్టారు.

వాళ్ళ కన్ను ఎంత గట్టిదో ఒక్క ఉదాహరణ చాలు. 1941 మే 10 సాయంత్రం జర్మనీ వైపు నుంచి ఒక విమానం ఒంటరిగా వచ్చింది. అది మెసర్‌ష్మిట్ 110 రకమని కింద ఉన్న పరిశీలకులు చెప్పారు. వైమానిక దళం వారు నమ్మలేదు. ఆ రకం విమానం ఇంత దూరం వస్తే తిరిగి వెళ్ళటానికి పెట్రోలు చాలదు కదా అన్నారు. వారి లెక్క సరైనదే. కాని అందులో ఉన్న మనిషికి తిరిగి వెళ్ళే ఉద్దేశం లేదు. ఆయన హిట్లర్‌కు కుడిభుజంలాంటి రుడాల్ఫ్ హెస్. స్కాట్లండులో గొడుగు కట్టుకుని దూకాడు. కూలిన విమానం చూస్తే అది మెసర్‌ష్మిట్ 110 రకమే. లెక్కలు వేసినవాళ్ళు తప్పారు, కళ్ళారా చూసినవాళ్ళు గెలిచారు. మనిషి నడపకుండానే వచ్చి పడే జర్మన్ బాంబులను కూడా 1944 జూన్ 13 తెల్లవారుజామున కెంట్ తీరంలో మొదట గుర్తించి కబురు పెట్టింది ఈ పరిశీలకులే.

మన విమానమేదో శత్రువు విమానమేదో తెలియాలి కనుక, ఆ రోజుల్లో విమానాల నీడ బొమ్మలు అచ్చువేసి జనానికి పంచేవారు. 1941 లో ‘ది ఏరోప్లేన్ స్పాటర్’ అని ఒక పత్రికే వచ్చింది. బడిపిల్లలు ఆ బొమ్మలు బట్టీపట్టేవారు. యుద్ధం అయిపోయింది గాని, ఆ పిల్లల కళ్ళకు పట్టిన అలవాటు పోలేదు. ఇప్పటి స్పాటర్ల సరదాకు చాలావరకు పుట్టిల్లు అదే.

ఇదంతా ఎక్కడో దొరల దేశం సంగతి అనుకోకండి. 1942 ఏప్రిల్ 6 న జపాను విమానాలు మన విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆకాశం వైపు చూసి ఇది ఎవరి విమానం అని గుండెలు బిగబట్టిన రోజు మన తెలుగు తీరానికీ వచ్చింది. ఆనాడు విమానాన్ని గుర్తుపట్టగలగటం సరదా కాదు, ప్రాణానికి సంబంధించిన విద్య.

మరి ఇంత మంచి విద్య ఇప్పుడు అనుమానానికి ఎందుకు గురి అవుతోంది? ఒక నంబరు రాసుకుంటే దేశానికి ఏం నష్టం అని ఎవరికైనా అనిపిస్తుంది. దీనికి మన ఇంటి వ్యవహారంలోంచే జవాబు చెప్పుకోవచ్చు. మీరు ఊరికి వెళుతున్నారనుకోండి. పాలవాడితో నాలుగు రోజులు పాలు వద్దంటారు. పేపరు కుర్రాడితో పేపరు వెయ్యవద్దంటారు. పనిమనిషితో సోమవారం రమ్మంటారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ రహస్యం కాదు. కాని ఈ మూడూ విన్నవాడొకడు ఉంటే, మీ ఇల్లు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా తాళం వేసి ఉంటుందో వాడికి తెలిసిపోతుంది. విడివిడిగా చూస్తే కబుర్లు. కలిపి చూస్తే దొంగకు దారి.

యుద్ధ విమానం తోక మీది నంబరూ అలాంటిదే. ఒక నంబరు వల్ల ఏమీ తెలియదు. కాని ఫలానా నంబరు విమానం నిన్న ఫలానా ఊళ్ళో ఉంది, ఇవాళ సరిహద్దు దగ్గరి ఊళ్ళో దిగింది, దానితో పాటు మరో పదకొండు దిగాయి, పొద్దున్న ఇన్ని లేచాయి, సాయంత్రానికి ఇన్ని తిరిగివచ్చాయి – ఇలా కూర్చుకుంటూ పోతే ఎన్ని విమానాలు పనిచేసే స్థితిలో ఉన్నాయో, ఏ దళం ఎక్కడికి కదిలిందో బయటపడుతుంది. సైన్యం వారు జాగ్రత్తగా దాచుకునేది దానినే. నంబరు రాసుకున్న కుర్రాడికి ఆ ఆలోచనే ఉండదు. ఆ పుస్తకం, ఆ ఫొటో ఎవరి చేతిలో పడుతుందన్నదే భయం.

ఇలాంటి చిన్న చిన్న కబుర్ల బలం మన నౌకాదళం వారికి బాగా తెలుసు. 1971 లో పాకిస్తానుతో యుద్ధం వచ్చే ముందు, మన విక్రాంత్ ఓడను ముంచటానికి పాకిస్తాను వారి ఘాజీ అనే జలాంతర్గామి బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్‌ను అప్పటికే అండమాను వైపు దాచేశారు. అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించాలి. తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్‌గారు ఏం చేశారో తరువాత తమ పుస్తకంలో రాశారు. రాజ్‌పుత్ అనే పాత ఓడను సముద్రంలోకి పంపి, పెద్ద ఓడ ఉన్నట్టుగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. కాంట్రాక్టర్లకు పెద్ద ఎత్తున మాంసమూ కూరగాయలూ ఆర్డరు ఇచ్చారు. విక్రాంత్‌లో పనిచేసే నావికుడొకడు తన తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నట్టు ఒక మామూలు తంతిని బాహాటంగా పంపించారు. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ విశాఖ దగ్గరే మునిగిపోయింది. అది ఎలా మునిగిందన్న దాని మీద వాదోపవాదాలు ఉన్నాయి గాని, విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిందన్న దాని మీద లేవు. చూశారా! బజారులో కూరగాయల బుట్టలు, తల్లి జబ్బు గురించి ఒక తంతి – ఇవి కూడా యుద్ధ సమాచారమే అవుతాయని ఆయనకు తెలుసు. శత్రువుకూ తెలుసు. తెలియనిది మనలాంటి మామూలు వాళ్ళకే.

సరే, జాగ్రత్త అవసరమే. అయితే అనుమానం హద్దు మీరితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. 2001 నవంబరు 8 న గ్రీసు దేశంలో కలమాట అనే ఊరి వైమానిక స్థావరంలోకి జనాన్ని చూడటానికి రానిచ్చారు. బ్రిటన్ నుంచి 12 మంది, హాలండు నుంచి ఇద్దరు, విమానాలు చూసే యాత్రకు వచ్చినవాళ్ళు అక్కడికి వెళ్ళారు. వాళ్ళ దగ్గర నోటు పుస్తకాలున్నాయి. అప్పటికి న్యూయార్కులో ఆకాశహర్మ్యాలు కూలి రెండు నెలలే అయింది. ప్రపంచమంతా విమానం అంటేనే ఉలిక్కిపడుతున్న రోజులు. పైగా గ్రీసువారికి పొరుగున ఉన్న టర్కీతో ఏనాటి నుంచో పేచీలు. పరదేశీయులు తమ యుద్ధ విమానాల నంబర్లు వరసగా రాసుకుంటూంటే వాళ్ళకు గుండె గతుక్కుమంది. పధ్నాలుగు మందినీ గూఢచారులని పట్టుకుని జైల్లో పెట్టారు.

ఆ పధ్నాలుగు మందిలో ఒక ఆడమనిషి ఉంది. యాత్ర ఏర్పాటు చేసినాయన భార్య. ఆవిడకు విమానాల మీద ఏ మోజూ లేదు. భర్త వెంట వచ్చి, వ్యానులో కూర్చుని గళ్ళ నుడికట్టు నింపుకుంటూ ఉందట. ఆవిడనూ జైలుకు పంపారు. డిసెంబరులో జామీను ఇచ్చి వదిలేదాకా వాళ్ళు ఐదారు వారాలు కటకటాల వెనుకనే ఉన్నారు. 2002 ఏప్రిల్‌లో విచారణ జరిగింది. ఎనిమిది మందికి మూడేళ్ళు, ఆరుగురికి ఒక ఏడాది శిక్ష వేశారు. అప్పీలు చేసుకుంటే అదే సంవత్సరం నవంబరులో అందరూ నిర్దోషులని తీర్పు వచ్చింది. ఏడాది పాటు ఆ పధ్నాలుగు మంది కుటుంబాలు ఎంత నలిగి ఉంటాయో మనం ఊహించుకోగలం.

ఇందులో తప్పెవరిది అంటే ఒక మాటలో తేలేది కాదు. బ్రిటన్‌లో స్పాటర్లు అంటే ఎవరికీ కొత్త కాదు. ఫెయిర్‌ఫర్డ్, లేకెన్‌హీత్ లాంటి వైమానిక స్థావరాల కంచె బయట వాళ్ళు కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కుల్లో టీ పెట్టుకుని కూర్చుంటారు. వేల్స్ కొండల్లో యుద్ధ విమానాలు లోయలోంచి దూసుకుపోయే చోట, కొండ ఎక్కి కెమెరాలతో కాచుకుని ఉంటారు. రోజూ వచ్చే ముఖాలు తెలిసి ఉంటే, కొత్త ముఖం వచ్చి వింతగా ప్రవర్తించినప్పుడు ఇట్టే తెలుస్తుందని, కంచె బయటి స్పాటర్లను కాపలాకు సాయంగా చూసుకునే పోలీసులు కూడా ఆ దేశంలో ఉన్నారు. గ్రీసువారికి ఆ సరదా ఒకటి ఉంటుందనే తెలియదు. ఊరికే నంబర్లు ఎవరు రాసుకుంటారండీ అన్నది వాళ్ళ ప్రశ్న. ఒక ఊళ్ళో చెల్లిన అలవాటు ఇంకో ఊళ్ళో చెల్లాలని లేదు. పుట్టింటి పద్ధతులు అత్తవారింట్లో ఎలా చెల్లవో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు కదా.

మన దేశంలోనూ ఇలాంటిదే ఒకటి జరిగింది. 2010 ఫిబ్రవరిలో ఇద్దరు బ్రిటిషువాళ్ళు ఢిల్లీ విమానాశ్రయం దగ్గర ఒక హోటల్లో దిగి, రన్‌వే కనిపించే గది కావాలని అడిగారు. వాళ్ళ దగ్గర బైనాక్యులర్లూ, పైలట్లూ కంట్రోలు టవరువాళ్ళూ మాట్లాడుకునే మాటలు పట్టే రేడియో యంత్రమూ ఉన్నాయి. హోటలు వాళ్ళకు అనుమానం వచ్చి పోలీసులకు చెప్పారు. పాపం, వాళ్ళు చూడవచ్చింది ప్రయాణీకుల విమానాలనే. అయినా అలాంటి యంత్రం అనుమతి లేకుండా వాడటం మన చట్టం ప్రకారం నేరం. కేసు నడిచి, చిన్న నేరం కింద జుర్మానా కట్టి, ఏప్రిల్‌లో ఇంటికి చేరారు. రెండు నెలలు పరాయి దేశంలో పడ్డ అవస్థ వేరే చెప్పాలా?

ఇంతవరకు చెప్పినవి నోటు పుస్తకాల కాలం నాటి చిక్కులు. ఇప్పుడు నోటు పుస్తకం స్థానంలోకి సెల్‌ఫోను వచ్చింది. తేడా ఎక్కడంటే, నోటు పుస్తకంలో రాసింది ఇంట్లో బీరువాలో ఉంటుంది. ఫోనులో తీసింది నిమిషంలో ప్రపంచమంతా చూస్తుంది. 2018 డిసెంబరు 26 న ఏం జరిగిందో చూడండి. అమెరికా అధ్యక్షుడు ట్రంప్‌గారు ఇరాకులో ఉన్న తమ సైనికులను చూడటానికి పరమ రహస్యంగా బయలుదేరారు. వాళ్ళ దేశంలో పత్రికలవారికి కూడా చెప్పనివ్వలేదు. దారిలో ఆ విమానం ఇంగ్లండులో షెఫీల్డు మీదుగా వెళ్ళింది. ఆ ఊళ్ళో విమానాల మోజున్న ఒకాయన తల ఎత్తి చూసి ఫొటో తీసి, ఇంటర్నెట్‌లో పెట్టాడు. నీలం, తెలుపు రంగుల ఆ విమానాన్ని గుర్తుపట్టటం ఏమంత కష్టం కాదు. అధ్యక్షుడు ఇరాకులో దిగారన్న ప్రకటన రాకముందే, ఆయన ఎటో బయలుదేరారని ప్రపంచంలో సరదారాయుళ్ళందరికీ తెలిసిపోయింది. ఆయన చేసింది తప్పు కాదు. తన ఊరి ఆకాశంలోకి తాను చూశాడు. అయినా ఒక దేశం కట్టుదిట్టంగా కాపాడుకున్న గుట్టు ఒక్క ఫొటోతో రట్టు అయింది.

విమానం దాకా పోనక్కరలేదు. అదే 2018 జనవరిలో ఇంకో సంగతి బయటపడింది. పరుగెత్తేవాళ్ళు ఎంత దూరం, ఎక్కడ పరుగెత్తారో లెక్కపెట్టే స్ట్రావా అనే ఫోను సాధనం ఒకటుంది. ఆ కంపెనీవాళ్ళు అందరి పరుగులూ కలిపి ప్రపంచ పటం మీద వెలుగు గీతలుగా చూపించారు. చుట్టూ చీకటిగా ఉన్న ఆఫ్ఘనిస్తాను, సిరియా ఎడారుల్లో కొన్నిచోట్ల మాత్రం చక్కగా వెలుగు గీతలు కనిపించాయి. ఏమిటా అని చూస్తే, అవి సైనిక స్థావరాల లోపల సైనికులు పొద్దున్నే వ్యాయామానికి పరుగెత్తిన దారులు! ఒక్క సైనికుడి పరుగులో రహస్యం లేదు. అందరివీ కలిపి చూస్తే స్థావరం ఆకారమే దిగింది.

అయితే ఈ సరదా వల్ల లోకానికి మేలు కూడా జరిగిందని చెప్పకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను. 2001 తరువాత అమెరికా గూఢచారి సంస్థవారు అనుమానితులను పట్టుకుని, ఏ కోర్టుకూ చూపకుండా, చిన్న విమానాల్లో దేశదేశాలకు రహస్యంగా తరలించారు. కొందరిని చిత్రహింసలు పెట్టారు. ఆ విమానాలు ఎక్కడెక్కడ దిగాయో కనిపెట్టటానికి పత్రికల వారికి అక్కరకు వచ్చినవాటిలో స్పాటర్లు తీసిన ఫొటోలూ, రాసుకున్న నంబర్లూ ఉన్నాయి. 2006, 2007 లలో ఐరోపా సంస్థలు దీని మీద విచారణ నివేదికలు వెలువరించాయి. దాచటమే తప్పయిన పనులు కూడా లోకంలో ఉంటాయి. కాబట్టి నంబరు రాసుకునేవాళ్ళందరినీ దేశద్రోహులంటే ఒప్పుకోలేం. చూసే కన్నులో దోషం లేదు. చూసినదాన్ని ఎప్పుడు, ఎవరికి, ఎంతవరకు చెబుతున్నామన్న దగ్గరే మంచీ చెడూ ఉన్నాయి.

ఇక మన ఇళ్ళ సంగతికి వద్దాం. హైదరాబాదులో అల్వాల్, బొల్లారం వైపు ఉన్నవారికి హకీంపేట విమానాల చప్పుడు నిత్యం ఉండేదే. దుండిగల్లులో వైమానిక దళం వారి శిక్షణ సంస్థ ఉంది. విశాఖలో నౌకాదళం వారి ఐ.ఎన్.ఎస్. డేగ ఉంది. ఆ చుట్టుపక్కల పెరిగే పిల్లలకు విమానాల మోజు పుట్టటంలో వింత లేదు. అల్వాల్‌లో కాపురమున్న మా బంధువుల అమ్మాయి ఒకతె ఈ మధ్య నన్నడిగింది. “పెద్దమ్మా, మావాడు పదో తరగతికి వచ్చాడు. చప్పుడు వింటే చాలు విమానం పేరు చెప్పేస్తాడు. పుస్తకం నిండా బొమ్మలే. వాళ్ళ నాన్నగారేమో, ఎవరైనా చూస్తే పోలీసులు వస్తారు, చించి పారెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటావు?” అని.

చించవద్దని చెప్పాను. చప్పుడు విని విమానం పేరు చెప్పగలిగే పిల్లవాడు రేపు వాటిని నడిపేవాడో, తయారుచేసేవాడో కావచ్చు. అయితే వాడికి మూడు మాటలు నేర్పమన్నాను.

మొదటిది, చోటు తెలుసుకోవటం. ‘నిషిద్ధ ప్రాంతం, ఫొటోలు తీయరాదు’ అని బోర్డు ఉన్న గోడ దగ్గర కెమెరా గాని, ఫోను గాని, బైనాక్యులర్లు గాని పైకెత్తకూడదు. సరదాకు కూడా వద్దు. మనకు 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉంది. దేశానికి హాని చేసే ఉద్దేశంతో ఇలాంటి ప్రాంతాల దగ్గర తిరిగినా, బొమ్మలు గీసినా నేరం. రక్షణకు సంబంధించిన విషయమైతే 14 సంవత్సరాల దాకా శిక్ష వేయవచ్చు. మావాడి ఉద్దేశం మంచిదే అని మనకు తెలుసు. అది విచారించి తేల్చేలోపు పిల్లవాడి చదువూ, ఇంటి పరువూ ఏమవుతాయో ఆలోచించాలి. మనం ప్రయాణీకులుగా వెళ్ళినా, రక్షణ శాఖ వారి విమానాశ్రయంలో దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు, నేల మీద ఉన్నంతసేపు ఫొటోలు తీయకూడదు. విమానంలో ఈ మాట చెప్పినప్పుడు మనలో చాలామంది సంచీలు సర్దుకుంటూ వినిపించుకోం. డ్రోను బొమ్మలు కొనిచ్చేవాళ్ళు కూడా ఎక్కడ ఎగరవేయవచ్చో, ఎక్కడ వేయకూడదో ముందు తెలుసుకోవాలి.

రెండోది, చెప్పకపోవటం. ఇంటి డాబా మీద నిలబడి చూస్తే విమానం కనిపించింది. చూడనివ్వండి. పుస్తకంలో బొమ్మ వేసుకోనివ్వండి. కాని ‘ఇప్పుడే మా ఇంటి మీదుగా ఇన్ని విమానాలు ఇటు వెళ్ళాయి’ అని ఫోనులో పదిమందికీ పంపటం వేరే సంగతి. ఊరు, వేళ, ఎన్ని – ఈ మూడూ కలిసి పోకూడదు. ఈ మాట పిల్లలకంటె ముందు పెద్దలకే చెప్పాలి. 2025 మే నెలలో పాకిస్తానుతో కాల్పులు జరిగిన రోజుల్లో, సైన్యం కదలికలను అప్పటికప్పుడు చూపవద్దని రక్షణ శాఖ వారు వార్తా సంస్థలనే కాదు, ఫోనుల్లో వార్తలు పంచుకునే మామూలు జనాన్ని కూడా కోరారు. 2008 నవంబరులో బొంబాయి మీద దాడి జరిగినప్పుడు టెలివిజనులో కమెండోల కదలికలు చూపిస్తూంటే, ఎక్కడో కూర్చున్నవాళ్ళు అది చూసి లోపలి హంతకులకు కబుర్లు అందించారు. ఆ పాఠం మనం మరచిపోకూడదు. సైన్యంలో పనిచేసేవారి ఇళ్ళలో ఆడవాళ్ళు ఈ విషయంలో ఎంతో నిబ్బరంగా ఉంటారు. ‘మీవారు ఎక్కడున్నారు, ఎప్పుడు వస్తారు’ అని మనం గుచ్చి గుచ్చి అడిగి వాళ్ళను ఇరకాటంలో పెట్టకపోతే అదే మనం చేసే సాయం.

మూడోది, దాచకపోవటం. ఎవరైనా జవానో పోలీసో వచ్చి ఏం చేస్తున్నావు బాబూ అని అడిగితే, పరుగెత్తకుండా, ఎదురు చెప్పకుండా, ఉన్నమాట చెప్పాలి. పుస్తకం చూపించమంటే చూపించాలి. భయపడి పారిపోయేవాడి మీద అనుమానం పెరుగుతుంది.

ఈ మూడు మాటలు నేర్పి, ఆ మోజుకు తగిన దారి చూపించాలి. సైన్యం వారే రండి, చూడండి అని పిలిచే చోట్లు మన దేశంలో తక్కువేమీ కాదు. విశాఖ బీచి రోడ్డులో టి.యు. 142 అనే పెద్ద విమానాన్నే ప్రదర్శనశాలగా నిలబెట్టారు. 1988 నుంచి 29 ఏళ్ళు సముద్రం మీద కాపలా కాసిన విమానమది. 2017 డిసెంబరు నుంచి జనం లోపలికి వెళ్ళి చూస్తున్నారు. దాని ఎదురుగానే కురుసుర జలాంతర్గామి ఉంది. ఢిల్లీ పాలంలో వైమానిక దళం వారి ప్రదర్శనశాల, గోవాలో నౌకాదళం విమానాల ప్రదర్శనశాల, బెంగుళూరులో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారిది ఉన్నాయి. బెంగుళూరు దగ్గర యలహంకలో 1996 నుంచి ఏరో ఇండియా ప్రదర్శనలు జరుగుతున్నాయి. సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు గుళ్ళూ గోపురాలతో పాటు వీటినీ ఒక పూట చూపించవచ్చు. అక్కడ పిల్లవాడు తనివితీరా చూసి, చూపించమన్న వాటికి ఫొటోలు తీసుకుని, నంబర్లు రాసుకోవచ్చు. ఆడపిల్లకు ఈ సరదా ఉంటే ఇంకా సంతోషించండి. 2016 జూన్‌లో ముగ్గురు అమ్మాయిలు మన వైమానిక దళంలో మొట్టమొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా పట్టా పుచ్చుకున్నది మన దుండిగల్లులోనే.

ఇంకొక్క మాట. జాగ్రత్త పేరుతో మనం ఇరుగు పొరుగు పిల్లల మీద నిందలు వేయకూడదు. మేడ మీద బైనాక్యులర్లతో ఒక కుర్రాడు కనిపిస్తే, వాడి పేరు చూసో, వాడి ఇంట్లో మాట్లాడే భాష చూసో గూఢచారి అని గుసగుసలు మొదలుపెడితే, ఆ ఇంటికి జరిగే అపకారం తీర్చలేనిది. నిజంగా అనుమానించవలసింది కనిపిస్తే పోలీసులకు చెప్పటం మన ధర్మం. పిన్నిగారికీ, వదినగారికీ చెప్పటం ధర్మం కాదు. గ్రీసులో ఆ పధ్నాలుగు మందికి పై కోర్టులో న్యాయం దొరికింది. మన వీధి గుసగుసల మీద అప్పీలు చేసుకోవటానికి ఏ కోర్టూ లేదు.

పిల్లలకు ఆకాశం చూసే కన్ను ఉంది. దాన్ని మూయించనక్కరలేదు. చూసినదంతా చెప్పవలసిన అవసరం లేదన్న ఇంగితం మాత్రం మనం నేర్పాలి. ఇంటి గుట్టు కాపాడటం మనకు ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాం. దేశం గుట్టు కూడా పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు.